అడ్డుప్రశ్న

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు రెండు పొరలుగా ఉంది. కింది పొర తూర్పుకి, పై పొర పడమటికి పోతున్నాయి. అలా ఎదురెదురుగా పోతే ఒకటి రెండు రోజుల్లో చలి దిగుతుంది. పశువుల పాక ముందు నిలబడి అదే చూస్తున్నాను. పాలబండి వచ్చి ఆగింది. డ్రైవరు పక్క సీట్లోంచి మా చెల్లి దిగింది.

"బస్టాండు దగ్గర కనబడింది. ఎప్పుడూ పాలు పట్టుకుపోవడమేగా, ఈసారి మనిషిని తెచ్చి దింపాను," అన్నాడు డ్రైవరు.

చేతిలో పెద్ద పెట్టె, వీపు మీద సంచి. సంచిలో పుస్తకాలున్నాయని భుజం వంగిన తీరు చూస్తేనే తెలుస్తోంది. పెట్టె పైన తాడుతో వేసవి చెప్పులు కూడా కట్టి ఉన్నాయి. నాలుగు రోజులుండి పోయే మనిషి చలికాలం మొదట్లో వేసవి చెప్పులు మోసుకురాదు.

పిన్ని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. అమ్మ పోయిన దగ్గర్నుంచీ మా ఇద్దరికీ అమ్మ ఆవిడే. ఎవరినీ ఒక మాట పూర్తిగా చెప్పనిచ్చే మనిషి కాదు.

"ఎన్నాళ్లుంటావే పొట్టీ?"

"ఉద్యోగం వచ్చేదాకా..."

"అయితే ఎల్లుండే పోతావన్నమాట. ఉతికే బట్టలుంటే ఇప్పుడే పడెయ్."

చెల్లి నావైపు చూసి నవ్వింది. నేను పెట్టె అందుకున్నాను.

చెల్లి యూనివర్సిటీలో ఆర్థికశాస్త్రంలో డాక్టరేటు చేస్తోంది. ఎన్నేళ్లుగా చేస్తోందంటే, ఆ చదువు మొదలైనప్పుడు దూడగా ఉన్న ఆవు ఇప్పుడు మూడో ఈత ఈనింది. చదువు దాదాపు అయిపోయింది. స్టయిపెండు ఆగింది, దాంతోపాటు హాస్టలు గదీ పోయింది. ఇక కావలసింది ఏదో ఒక కాలేజీలో పాఠం చెప్పే ఉద్యోగం.

సాయంత్రం పాలు పితికే వేళ పాకలోకి వచ్చి, గోడకి ఆనుకుని నిలబడి చెప్పింది.

"మా ఉద్యోగాలు కూడా కోతల్లాంటివే అన్నయ్యా. ఏడాదికి ఒక్కసారే. చలి మొదట్లో దరఖాస్తులు, నడి చలిలో ఇంటర్వ్యూలు. గడ్డి మొలిచేసరికి అంతా అయిపోతుంది. కాలేజీలన్నీ ఒకేసారి వెతుక్కుంటాయి, మేమంతా ఒకేసారి వెతుక్కుంటాం."

"దొరక్కపోతే?"

"వచ్చే ఏడు మళ్లీ పోవచ్చు. కానీ అప్పటికి నేను మిగిలిపోయిన సరుకుని. ఇది ఎందుకు మిగిలిందబ్బా అని చూస్తారు."

సంతకి రెండోసారి తోలుకెళ్లిన ఆవుని కొనేవాళ్లు ఎలా చూస్తారో నాకు తెలుసు. నోరు తెరిపించి పళ్లు చూస్తారు, కాళ్లు ఎత్తించి చూస్తారు, అప్పటికీ నమ్మరు.

ఇంటర్వ్యూలన్నీ కంప్యూటరు తెరమీదే. మా ఇంట్లో తలుపు సరిగ్గా పడేది దాణా గదికి ఒక్కదానికే. బస్తాలు ఒక పక్కకి జరిపి, కుర్చీ బల్లా వేశాం. చెల్లి వెనక కనబడే గోడకి మా ఆవిడ తెల్ల దుప్పటి కట్టింది. దుప్పటి మడత పోయేలా ఇస్త్రీపెట్టెతో గోడ మీదే రుద్దింది కూడా.

"వాళ్లు ఇది ఆఫీసు అనుకోవాలి," అంది మా ఆవిడ.

"వాసన తెరలోంచి పోదు కదా వదినా. అదొక్కటీ అదృష్టం."

ఇంటర్వ్యూ ఉన్న రోజు చెల్లి పైన నల్ల కోటు తొడుక్కునేది. కింద పిన్ని అల్లిన ఊలు మేజోళ్లు, నా రబ్బరు బూట్లు. ఆ గది నేల మీదనుంచి చలి ఎముకల్లోకి పాకుతుంది. నడుం దాకా ప్రొఫెసరు, నడుం కింద పశువుల కాపరి అనేది పిన్ని.

పాలు పితికే మెషీను మోత ఆ గదిలోకి వినబడుతుంది కాబట్టి, మాటలు జరిగినంతసేపూ మెషీను ఆపేసేవాణ్ని. పొదుగులు నిండి ఆవులు అరిచేవి. ఒక్కోదాని దగ్గరికీ పోయి మెడ నిమురుతూ నిలబడేవాణ్ని. పాలబండి డ్రైవరు గేటు దగ్గర ఇంజను ఆపుకుని కూర్చునేవాడు.

"ఏంటన్నా, ఈ వారం ఆవులు కూడా ఇంటర్వ్యూకి వెళ్లాయా?"

"నెమ్మదిగా మాట్లాడు," అనేవాణ్ని.

చెక్కగోడ అవతలినుంచి చెల్లి గొంతు వినబడేది. ప్రతిసారీ ఒకే మాటలతో మొదలుపెట్టేది. "ఒక ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఫ్యాక్టరీ మూతపడిందనుకోండి. పని పోయిన మనిషి ఇంకో పని కోసం ఎంత దూరం పోతాడు?" అదే తను రాసిన పెద్ద వ్యాసం. అలా మూతపడ్డ ఊళ్లు ఎన్నో పోగుచేసి, మనుషులు ఎటు పోయారో, ఎవరు పోలేదో లెక్కకట్టింది. విని విని అది మా అందరికీ నోటికి వచ్చేసింది. ఒకసారి మా ఆవిడ బంగాళాదుంపల తొక్క తీస్తూ, అచ్చం చెల్లి గొంతుతో, "పని పోయిన మనిషి ఎంత దూరం పోతాడు?" అంది. పొయ్యి దగ్గర్నుంచి పిన్ని, "కట్టెలు అయిపోయాయి, ముందు కొట్టందాకా పొమ్మను," అంది. చెల్లి పడీపడీ నవ్వింది. ఆ చలికాలంలో తను అలా నవ్వడం అదే ఆఖరనుకుంటాను.

ఇంటర్వ్యూ అయ్యాక వెంటనే బయటికి వచ్చేది కాదు. కంప్యూటరు మూత వేసిన చప్పుడు వినబడేది. ఆ తర్వాత ఏ చప్పుడూ ఉండేది కాదు. కాసేపటికి బూట్లు ఈడ్చుకుంటూ వచ్చి, నా చేతిలో దూడల బకెట్టు తీసుకునేది.

"ఏమన్నారమ్మా?" అనేది మా ఆవిడ.

"తర్వాత తెలియజేస్తామన్నారు."

"పోయినవారం వాళ్లు?"

"ఏం చెప్పలేదు."

"వద్దని కూడా చెప్పరా?"

"చెప్పరు వదినా. ఊరుకుంటారు. ఊరుకుంటే మనమే అర్థం చేసుకోవాలి."

చలి ముదిరింది. పాక కప్పు అంచున మంచు గడ్డకట్టి వేలాడేది. చెల్లి జేబులో ఫోను చప్పుడైతే అందరం చేస్తున్న పని ఆపేవాళ్లం. చాలాసార్లు అది తన స్నేహితులెవరో. ఫలానావాడికి ఫలానాచోట వచ్చిందట. చెల్లి వెంటనే అభినందనలు రాసి పంపేది. నిజంగానే సంతోషించి రాసేది. రాశాక ఫోను బోర్లా పెట్టేది.

మంచు కరగడం మొదలయ్యాక ఒక కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. సముద్రం పక్కనున్న చిన్న కాలేజీ. ఇక మిగిలింది అదొక్కటే. మామూలుగా ఐతే మనిషిని పిలిపించుకుని, అందరూ కూర్చుని ఉపన్యాసం విని, తీసుకోవాలా వద్దా తేల్చుకుంటారట. ఆ ఏడు అది కూడా తెరమీదే కానిచ్చేద్దామన్నారు.

"పిలిచి భోజనం పెట్టకుండా పిల్లనెలా చూస్తారే?" అంది పిన్ని.

"పెళ్లిచూపులు కాదు పిన్నీ."

"అంతకంటే ఎక్కువే కదే. పెళ్లికొడుకైతే ఒక్కడు..."

ఆ రాత్రి అన్నాల దగ్గర చెల్లి కొత్త సంగతి చెప్పింది. వాళ్ల గైడు ఫోను చేసి, ఇంట్లోవాళ్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉపన్యాసం సాధన చెయ్యమన్నాడట. ఆర్థికశాస్త్రం వాళ్లు ఉపన్యాసం చివరిదాకా ఆగి అడగరట. తెరమీద చూపించే మొదటి బొమ్మ నుంచే అడ్డు తగులుతారట. మాట మధ్యలో ఆపేస్తారు, వెనక్కి తిప్పుతారు, ఒకరి మీద ఒకరు అరుస్తారు. ఆ అడ్డులన్నీ దాటుకుంటూ చివరికి చేరాలట.

"కాబట్టి మీరంతా నాకు అడ్డు రావాలి. ఏది తోస్తే అది అడగండి. మర్యాద వద్దు."

మర్నాడు మధ్యాహ్నం వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నాం. పిన్ని మంచి చీర కట్టుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. పాలబండి డ్రైవరు టీ తాగడానికి వచ్చి తనూ ఒక కుర్చీ లాక్కున్నాడు. చెల్లి కంప్యూటరు మావైపు తిప్పి మొదలుపెట్టింది. ఒక బొమ్మ అయింది, రెండో బొమ్మ అయింది. మేం కదల్లేదు. జీవితంలో ఒక్కరిని ఒక్క మాట పూర్తిచెయ్యనివ్వని పిన్ని, ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీలుస్తోంది.

చెల్లి ఆగింది. "ఒక్కరైనా అడగండి."

మా ఆవిడ ఇబ్బందిగా కదిలింది. "నీళ్లు కావాలా?"

"అది కాదు వదినా."

డ్రైవరు టీగ్లాసు కింద పెట్టాడు. "ఆగమ్మా. అసలు ఫ్యాక్టరీ ఎందుకు మూసేశారు?"

చెల్లి మొహం విప్పారింది. "ఇదిగో, ఇలాగే. అచ్చం ఇలాగే అడుగుతా..."

"నోర్ముయ్యవయ్యా," అంది పిన్ని డ్రైవరుతో. "పిల్ల కష్టపడి చెప్తుంటే మధ్యలో ఏంటది? తెలీకపోతే విను. లేకపోతే పోయి బండి తోలుకో."

"అడగమందిగా పిన్నిగారూ!"

"అడగమంటే అడిగేస్తావా?"

డ్రైవరు మళ్లీ టీగ్లాసు అందుకున్నాడు. చెల్లి తలపట్టుకుంది. పిన్ని మళ్లీ చేతులు ఒడిలో పెట్టుకుని, "నువ్వు చెప్పమ్మా," అంది.

నేను మాట్లాడేది ఆవుల్ని అదిలించడానికే అని మా ఆవిడ అంటుంటుంది. అబద్ధమేం కాదు. కానీ తరువాతి బొమ్మలో, ఎంత దూరానికి ఎందరు పోయారో చూపే గీత ఒకటి కనబడింది. ఎడమవైపు ఎత్తుగా మొదలై, వాలుగా దిగుతూ వచ్చి, ఒకచోట ఒక్కసారిగా కిందికి వంగిపోయింది. బాగా నడుస్తున్న ఆవు కాలు కనబడని గుంటలో పడ్డట్టు.

"అక్కడ ఎందుకు వంగింది?" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. చెల్లి నావైపు తిరిగింది.

"అదే అన్నయ్యా ఈ వ్యాసమంతా. ఎక్కువ జీతం వస్తుందంటే మనిషి ఎంత దూరమైనా పోవాలి కదా. పోరు. ఆ చోటు దాకా పోతే రాత్రి భోజనానికి ఇంటికి తిరిగి రావచ్చు. అది దాటితే రాలేరు. అందుకే అక్కడ వంగింది."

ఆ తర్వాత సాధన చేసిన ప్రతిరోజూ, ఆ బొమ్మ వచ్చినప్పుడు చెల్లి ఆగేది, నేను అడిగేవాణ్ని. అది నా పనైపోయింది. చెల్లి జవాబు రోజురోజుకీ నున్నబడింది. పిన్ని మాత్రం చివరిదాకా ఒక్క ప్రశ్నా వెయ్యలేదు.

ఉపన్యాసం ముందురోజు సాయంత్రం పాకలో అడిగాను. "మరీ ఎక్కువ అడ్డుపడితే ఏం చేస్తావు?"

"అడ్డుపడితే భయం లేదన్నయ్యా," అంది దూడకి బకెట్టు పట్టుకుని. "అడిగేవాడు నన్ను తీసుకుంటే ఎలా ఉంటుందో చూసుకుంటున్నట్టు. తీసుకోకూడదనుకున్నవాళ్లు అడగరు. మర్యాదగా వింటారు."

దూడ బకెట్టులోంచి తల ఎత్తి తన చేతిని నాకింది. నేను ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఉపన్యాసం రోజున ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. కప్పు మీది డిష్షుకి అడ్డమేమీ లేదు. నెట్టు బాగా వస్తోంది. పొద్దున్నే తొందరగా పాలు పితికేశాను. చెల్లి కోటు తొడుక్కుని దాణా గదిలోకి పోతూ గుమ్మంలో ఆగింది.

"నువ్వు కూడా రా అన్నయ్యా. తెరలో మొహాలు అగ్గిపెట్టెలంత ఉంటాయి. ఎదురుగా ఒక మనిషి ఉంటే చెప్పడం తేలిక."

కంప్యూటరు వెనకవైపు, వాళ్లకి కనబడని చోట, ఒక బస్తా మీద కూర్చున్నాను. నాకు తెర కనబడదు. చెల్లి మొహమే కనబడుతుంది, దాని మీద పడే తెల్లటి వెలుతురూ. తలుపవతల పిన్ని, మా ఆవిడ నిలబడ్డారని కింది సందులో కాళ్ల నీడలను బట్టి తెలిసింది.

వాళ్లలో ఒకాయన స్వాగతం చెప్పాడు. చెల్లి మొదలుపెట్టింది. "ఒక ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఫ్యాక్టరీ మూతపడిందనుకోండి."

మొదటి బొమ్మ దగ్గర ఆగింది. సాధనలో అలవాటు చేసుకున్నట్టే, ఎవరైనా అందుకుంటారని ఊపిరంత చోటు వదిలింది. ఎవరూ అందుకోలేదు. రెండో బొమ్మ. మళ్లీ చోటు వదిలింది. అవతల ఎవరో టీకప్పు కింద పెట్టిన చప్పుడు వినబడింది, అంతే. నాకు పాకలో తను అన్న మాట గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండేది. చెల్లి గొంతు మారలేదు. చెయ్యి మాత్రం బల్ల అంచుని పట్టుకుంది. ప్రశ్నలు వస్తాయని ఉంచుకున్న సమయమంతా మిగిలిపోతుంటే, దాన్ని నింపడానికి తెలిసిన మాటలే ఇంకాస్త మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

గీత వంగిన బొమ్మ వచ్చింది. తెర నాకు కనబడకపోయినా, దాని ముందు వచ్చే మాటలు నాకు తెలుసు.

చెల్లి ఆగింది.

తెర వైపు చూసింది. తర్వాత తెర మీదుగా నావైపు చూసింది. వంటింట్లో రోజూ చూసిన చూపే. ప్రశ్న నా నాలుక మీదే ఉంది. నోరు తెరిచాను కూడా. ఎద్దంత మనిషిని, రెండు అడుగుల దూరంలో కూర్చుని, ఆ ఒక్క మాట అనలేకపోయాను. అంటే వాళ్లకి వినబడుతుంది. పశువుల కొట్టంలో ఎవడో మనిషి ఉన్నాడని తెలిసిపోతుంది.

నేను నోరు మూసుకోవడం తను చూసింది.

"ఇక్కడ గీత ఎందుకు వంగిందని మీరు అడగవచ్చు," అంది వాళ్లతో.

ఎవరూ అడగలేదు. తనే జవాబు చెప్పింది. రోజూ చెప్పినదానికంటే బాగా చెప్పింది. మిగతాదంతా తొందరగా అయిపోయింది.

"చాలా స్పష్టంగా ఉంది," అన్నాడు ఆ ఒకాయన. "మాకు ప్రశ్నలేం లేవు. థాంక్యూ."

చెల్లి కూడా థాంక్యూ చెప్పింది. కంప్యూటరు మూత దించింది. మొహం మీది వెలుతురు పోయింది.

ఏదో ఒకటి అనాలనుకున్నాను. "దూడలు ఆకలితో అరుస్తున్నాయి," అన్నాను.

"పద, నేనూ వస్తాను."

తలుపు తీసేసరికి పిన్ని చెల్లి రెండు చేతులూ పట్టుకుంది. "విన్నానే తల్లీ, అంతా విన్నాను. ఒక్కడూ నోరెత్తలేదే. అంత పెద్దవాళ్లు, కిక్కురుమనకుండా విన్నారు. మన వంటింట్లో కూడా ఆ డ్రైవరు అడ్డొచ్చాడు, అక్కడ ఒక్కడు రాలేదు."

చెల్లి ఆ చేతులు విడిపించుకోలేదు. "అవును పిన్నీ. మర్యాదగా విన్నారు."

మా ఆవిడ నా మొహం చూసింది. ఏం అడగకుండా వంటింట్లోకి పోయింది. చెల్లి కోటు విప్పకుండానే పాకలోకి వచ్చి దూడలకి పాలు పట్టింది. ఒక దూడ చొంగ కోటు చేతి మీద పడింది. తుడుచుకోలేదు.

పిన్ని పాలబండి డ్రైవరుకి చెప్పింది, దాణా కొట్టువాడికి చెప్పింది. పెట్టె దించి ఎండలో పెట్టి, లోపలంతా దులిపింది. సముద్రం గాలికి గొంతు పట్టేస్తుందని కొత్త మఫ్లరు మొదలుపెట్టింది. ఆ మఫ్లరు రోజురోజుకీ పొడుగవుతుంటే నేను పక్కనుంచి నడిచిపోయేవాణ్ని.

వాగు పక్కన గడ్డి మొలిచింది. ఆవుల్ని బయటికి వదిలిన మొదటి పొద్దున, చెల్లి తొట్టి దగ్గర నీళ్లు పడుతూ చెప్పింది. "వాళ్ల కాలేజీ పేజీలో కొత్తాయన ఫొటో పెట్టారన్నయ్యా."

"నీకు తెలిసినవాడా?"

"తెలుసు. మంచివాడే. ఫొటోలో నవ్వుతున్నాడు."

తొట్టి నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. పైపు కట్టెయ్యాలని ఎవరికీ తోచలేదు.

పిన్నికి మా ఆవిడ చెప్పింది. నేను లేని సమయం చూసి చెప్పింది. ఆ సాయంత్రం మఫ్లరు ఎక్కడా కనబడలేదు. దాణా గది గోడకి దుప్పటీ లేదు. బస్తాలు మళ్లీ యథాస్థానంలో ఉన్నాయి.

కొన్నాళ్లకి పాలబండి డ్రైవరు బండి టైరు వైపు చూస్తూ నాతో అన్నాడు. "టౌన్లో మా డెయిరీ ఆఫీసులో లెక్కలు చూసే మనిషి కావాలంటున్నారు. అంత చదువుకున్న పిల్లకి చెప్పొచ్చో లేదో. తప్పైతే అనలేదనుకో అన్నా."

నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. చెల్లి పాక గుమ్మంలోనే ఉంది.

"సాయంత్రం నీ బండి ఎప్పుడు తిరిగొస్తుంది?" అని అడిగింది.

"చీకటి పడకముందే అమ్మా."

"అయితే రాత్రి భోజనానికి ఇంటికొచ్చెయ్యొచ్చు," అంది. అని నావైపు చూసింది. పెదాల చివర కొంచెం నవ్వుంది. నేను నేలవైపు చూశాను.

ఉద్యోగంలో చేరిన రోజు అదే నల్ల కోటు తొడుక్కుని బండెక్కింది. చొంగ మరక ఉతికినా పోలేదు. వెనక్కి వచ్చేసరికి పడమట ఇంకా కాస్త వెలుతురుంది. గేటు చప్పుడు వినబడేదాకా మేం ముగ్గురం బల్ల దగ్గర తినకుండా కూర్చున్నాం. చెల్లి చేతులు కడుక్కుని వచ్చి తన చోట కూర్చుంది.

పిన్ని నోరు తెరిచింది. నావైపు చూసి, మూసేసింది. కూర గిన్నె చెల్లి వైపు జరిపింది. చెల్లి వడ్డించుకుని, గిన్నె నాకందించింది. నలుగురం తిన్నాం. ఎవరూ ఏమీ అడగలేదు.